అన్నీ వైరల్ జ్వరాలేనా? ఫ్లూ టీకా చుట్టూ ముడిపడ్డ సందేహాలు

ఖమ్మంలో మా బావగారికి మందుల షాపు ఉంది. జులై వచ్చిందంటే సాయంత్రం ఆరు దాటాక ఆ కౌంటర్ దగ్గర నిలబడడానికి చోటుండదు. వచ్చినవాళ్లలో సగం మంది అడిగేది ఒకటే: "అన్నా, జ్వరం సెట్టు ఇవ్వు." సెట్టంటే చిన్న కాగితం పొట్లంలో పూటకో నాలుగు గోళీలు. ఒక పారాసెటమాల్, ఒక జలుబు గోళీ, ఒక గ్యాస్ గోళీ, ఒక యాంటీబయాటిక్. చీటీ లేకుండా యాంటీబయాటిక్ ఇవ్వనని ఆయన దాన్ని తీసేసి ఇస్తే, పొట్లం విప్పి లెక్కపెట్టుకుని "పెద్ద గోళీ వెయ్యలేదేంది?" అని నిలదీసేవాళ్లున్నారు.

పోయినేడు వానాకాలంలో ఒక ఆదివారం ఆయనకు తోడుగా కూర్చున్నాను. గంటలో మూడు ప్రశ్నలు విన్నాను. రిటైరైన ఒక టీచరు గారు: "ఫ్లూ సూది వేయించుకున్నా. నెల తిరక్కుండానే జలుబు చేసింది. డబ్బులు దండగ." చంటిపాపను ఎత్తుకున్న ఒకావిడ: "మా పాప టీకా కార్డులో ఇన్‌ఫ్లూయెంజా అని ఉంది కదా, డాక్టర్ మళ్లీ ఫ్లూ టీకా అంటున్నాడేంటి?" ఇంకో పెద్దాయన: "స్వైన్ ఫ్లూ టీకా వేరే ఉంటదా?"

ఈ మూడు ప్రశ్నలూ పుట్టింది ఒకే చోట. వానాకాలంలో వచ్చే ప్రతి జ్వరాన్నీ మనం "వైరల్" అంటాం, కాస్త ఇంగ్లిష్ కలిపి "ఫ్లూ" అంటాం. పేరు ఒకటే అయ్యేసరికి వాటన్నిటికీ టీకా ఒకటే, మందు ఒకటే అన్న లెక్కకు వచ్చేస్తాం. కాబట్టి ముందు ఆ పేరు ముడి విప్పాలి.

జలుబు వేరు, ఫ్లూ వేరు

ఫ్లూ అంటే ఇన్‌ఫ్లూయెంజా అనే ఒక్క వైరస్ కుటుంబం తెచ్చే జబ్బు. మనుషుల్లో ఏటా తిరిగేవి దాంట్లో ఎ, బి రకాలు. ఎ రకంలో ఇప్పుడు చలామణిలో ఉన్నవి రెండు: హెచ్1ఎన్1, హెచ్3ఎన్2. మామూలు పడిశం తెచ్చేవి వేరే వైరస్‌లు. రైనోవైరస్‌లే వందకు పైగా రకాలున్నాయి. వాటికి తోడు ఎడినోవైరస్, ఆర్‌ఎస్‌వి, పాత కరోనా రకాలు, కొత్త కోవిడ్. ఫ్లూ టీకా ఇన్‌ఫ్లూయెంజాకు మాత్రమే. మిగతావాటిని అది ఆపదు, ఆపుతుందని ఎవరూ చెప్పలేదు కూడా. టీచరు గారికి నెలలోపు వచ్చిన జలుబు, ఆయన వేయించుకున్న టీకా ఒకదానికొకటి బహుశా ఎప్పుడూ ఎదురుపడనే లేదు.

తేడా పట్టుకోవడానికి ఒక మోటు గుర్తు ఉంది. జలుబు మెల్లగా మొదలవుతుంది. ముందు గొంతు గరగర, తర్వాత ముక్కు కారడం, తుమ్ములు. మనిషి విసుక్కుంటూనే పనికి వెళ్తాడు. ఫ్లూ అలా కాదు. మధ్యాహ్నం భోజనం దాకా బాగానే ఉన్న మనిషి సాయంత్రానికి దుప్పటి ముసుగేసుకుంటాడు. చలి, 102, 103 డిగ్రీల జ్వరం, కళ్ల వెనక నొప్పి, ఎవరో కర్రతో కొట్టినట్టు ఒళ్లు నొప్పులు, పొడి దగ్గు. అయితే ఇది గుర్తు మాత్రమే, నిర్ధారణ కాదు. డెంగ్యూ కూడా మొదటి రెండు రోజులు అచ్చం ఇలాగే ఉంటుంది. మన దగ్గర ఫ్లూ, డెంగ్యూ ఒకే వానల్లో తిరుగుతాయి. చికిత్సలో అసలు చిక్కంతా అక్కడే ఉంది, ఆ సంగతికి తర్వాత వస్తాను.

ఇక పాప కార్డులో ఉన్న ఇన్‌ఫ్లూయెంజా. అది నూట ముప్పై ఏళ్ల కిందటి పొరపాటు. 1892లో రిచర్డ్ ఫైఫర్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఫ్లూ రోగుల ముక్కులో, గొంతులో ఒక బ్యాక్టీరియాను చూసి, జబ్బుకు కారణం ఇదేననుకున్నాడు. దానికి హీమోఫిలస్ ఇన్‌ఫ్లూయెంజే అన్న పేరు స్థిరపడింది. 1933లో లండన్‌లో అసలు వైరస్‌ను పట్టుకునేదాకా ఆ లెక్క పూర్తిగా తేలలేదు. లెక్క తేలినా బ్యాక్టీరియాకు పేరు మాత్రం పోలేదు. ఆ బ్యాక్టీరియాలో బి రకం చిన్నపిల్లలకు మెదడు పొరల వాపు (మెనింజైటిస్), న్యుమోనియా తెస్తుంది. ఆరు, పది, పద్నాలుగు వారాలకు ప్రభుత్వం ఉచితంగా వేసే పెంటావాలెంట్ టీకాలోని అయిదు భాగాల్లో ఒకటి దానికోసమే. కార్డులో హిబ్ అని కూడా రాస్తారు. అది చాలా విలువైన టీకా, కానీ ఫ్లూకి దానికీ ఏ సంబంధమూ లేదు. చదువుకున్న తల్లిదండ్రులే ఇక్కడ ఎక్కువ పొరబడతారు. పాపం, చదివారు కాబట్టే.

స్వైన్ ఫ్లూ ప్రశ్నకు జవాబు చిన్నదే. 2009లో పందుల నుంచి మనుషుల్లోకి వచ్చిన కొత్త హెచ్1ఎన్1 వైరస్‌కు ఆ పేరు పెట్టారు. దేశంలో మొదటి కేసు బయటపడింది హైదరాబాద్‌లోనే, ఆ ఏడాది మే నెలలో, అమెరికా నుంచి వచ్చిన ఒక ప్రయాణికుడిలో. 2010 ఆగస్టులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మహమ్మారి ముగిసిందని ప్రకటించింది. వైరస్ మాత్రం ఎక్కడికీ పోలేదు. ఏటా వచ్చే మామూలు ఫ్లూలో ఒకటిగా కలిసిపోయింది. 2015 మొదట్లో తెలంగాణతో సహా చాలా రాష్ట్రాలను వణికించింది కూడా అదే. ఆ ఏడాది దేశంలో 2 వేల మందికి పైగా చనిపోయారు. ఇప్పుడు దొరికే ప్రతి ఫ్లూ టీకాలోనూ హెచ్1ఎన్1 భాగం ఉంటుంది. విడిగా స్వైన్ ఫ్లూ టీకా అంటూ వెతకాల్సిన పని లేదు.

ఏటా ఎందుకు? అసలు ఏ నెలలో?

చిన్నప్పుడు వేసిన తట్టు టీకా జీవితాంతం కాపాడుతుంటే ఫ్లూ టీకా ఏటా ఎందుకంటే, తట్టు వైరస్ వేషం మార్చదు, ఫ్లూ మారుస్తుంది. పగటివేషగాళ్లు రోజుకో వేషంతో వస్తే ఇంటివాళ్లు గుర్తుపట్టలేనట్టు, పైపొరలోని ప్రొటీన్లు కొద్దికొద్దిగా మారిపోయిన వైరస్‌ను మన శరీరం పాత చుట్టమని పోల్చుకోలేదు. దానికి తోడు టీకా ఇచ్చిన రక్షణ కూడా ఆరు నెలలు దాటేసరికి పల్చబడుతుంది.

అందుకే 1952 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక కాపలా వ్యవస్థను నడుపుతోంది. ఎక్కడెక్కడ ఏ రకం తిరుగుతోందో దేశదేశాల ప్రయోగశాలలు దానికి చెబుతాయి. మన పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ వాటిలో ఒకటి. ఆ సమాచారం చూసి ఏటా రెండుసార్లు టీకాలో ఏ రకాలుండాలో నిర్ణయిస్తారు. ఫిబ్రవరిలో ఉత్తరార్ధ గోళానికి, సెప్టెంబరులో దక్షిణార్ధ గోళానికి. టీకా తయారీకి ఆరు నెలలు పడుతుంది కాబట్టి, వచ్చే సీజన్‌లో వైరస్ ఏ వేషం వేస్తుందో ముందే ఊహించాలి. ఒక్కోసారి ఊహ తప్పుతుంది. ఆ ఏడాది టీకా పెద్దగా పనిచేయలేదని వార్తలొచ్చేది అందుకే.

ఇక్కడ మనకో తమాషా ఉంది. భూగోళం మీద మనం ఉత్తరార్ధంలోనే ఉన్నాం. కానీ మన ఫ్లూకి ఆ సంగతి తెలియదు. అమెరికా, యూరప్‌లలో ఫ్లూ చలికాలపు జబ్బు. మన దేశంలో చాలా చోట్ల అది ప్రధానంగా వానాకాలపు జబ్బు. కశ్మీర్ లాంటి చలి ప్రాంతాలు వేరు, అక్కడ శీతాకాలంలోనే ఎక్కువ. మనకు వానల సమయంలో ఒకసారి పెరిగి, మళ్లీ జనవరి నుంచి మార్చి మధ్య ఇంకోసారి తల ఎత్తుతుంది. 2023 మొదట్లో ఇంటింటా వారాల తరబడి దగ్గులు వినిపించాయి, గుర్తుందా? ఆ వేవ్‌లో హెచ్3ఎన్2ది పెద్ద వాటా.

కాబట్టి తెలుగు రాష్ట్రాల్లో ఉండేవాళ్లు టీకా వేయించుకోవడానికి సరైన కాలం వానలకు ముందు, అంటే మే, జూన్. టీకా పనిచేయడం మొదలవడానికి రెండు వారాలు పడుతుంది. అప్పటికి మార్కెట్లో ఉండే తాజా టీకా దక్షిణార్ధ గోళానికి తయారైనది. పెట్టె మీద ఏ గోళానిదో, ఏ సంవత్సరానిదో, ఏ రకాలున్నాయో అచ్చువేసి ఉంటుంది. వేయించుకునే ముందు పెట్టె చూపించమని అడగండి, ఇందులో మొహమాటం ఏమీ లేదు. నా అనుభవం చెబుతాను. ఒక క్లినిక్‌లో జూన్‌లో అడిగితే ఫ్రిజ్‌లోంచి తీసిచ్చింది అంతకుముందు చలికాలం తాలూకు సరుకు. గడువు తేదీ ఇంకా ఉంది కాబట్టి వేసేయొచ్చన్నారు. కొత్తది పక్క వీధిలోనే దొరికింది.

పెట్టె మీద నాలుగు రకాలకు బదులు మూడే కనిపిస్తే తక్కువరకం అంటగట్టారనుకోకండి. బి రకంలో యమగాట అనే శాఖ 2020 మార్చి తర్వాత ప్రపంచంలో ఎక్కడా నిర్ధారణగా కనిపించలేదు. కోవిడ్ కాలంలో మనం వేసుకున్న మాస్కులకు అది అంతరించిపోయినట్టుంది. లేని వైరస్‌కు టీకా ఎందుకని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని తీసేయమంది.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలది ఇంకో లెక్క. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో అక్టోబరులో కూతురు దగ్గరుండి మందుల షాపులో ఫ్లూ షాట్ వేయిస్తుంది. అక్కడి చలికాలానికి అది సరైనదే. కానీ వాళ్లు ఏప్రిల్‌లో తిరిగొచ్చి, "మొన్ననే అమెరికాలో వేయించుకున్నాం" అని మన వానాకాలాన్ని కూడా దాంతోనే లాగేస్తుంటారు. అప్పటికి దాని బలం తగ్గి ఉంటుంది. డయాబెటిస్, గుండె జబ్బు ఉన్నవాళ్లు జూన్‌లో డాక్టరును మళ్లీ అడగడం మంచిది.

యాభై శాతం అంటే ఏమిటి?

టీకా, వైరస్ బాగా జతకుదిరిన సంవత్సరాల్లో ఫ్లూతో డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిన ముప్పు 40 నుంచి 60 శాతం తగ్గుతుంది. ఈ అంకె వినగానే చాలామంది పెదవి విరుస్తారు. "సగం సగమేగా, బొమ్మా బొరుసు వేసినట్టు." కాదు. లెక్క కోసం ఒక ఊరిని ఊహించుకుందాం. టీకా లేని వందమందిలో పదిమందికి ఫ్లూ వస్తుందనుకుందాం. టీకా 50 శాతం పనిచేస్తే, వేయించుకున్న వందమందిలో అయిదుగురికి వస్తుంది. వేయించుకున్నవాళ్లలో సగంమందికి వస్తుందని కాదు, రావాల్సినవాళ్లలో సగం మందికి తప్పిందని. ఆ అయిదుగురిలో కూడా ఐసీయూ దాకా వెళ్లే అవకాశం తగ్గుతుంది. నన్నడిగితే టీకా అసలు ప్రయోజనం ఇదే. ముప్పై ఏళ్ల ఆరోగ్యవంతుడికి అది నాలుగు రోజుల మంచం తప్పించడం. ఆస్తమా ఉన్న అరవై అయిదేళ్లావిడకు వెంటిలేటర్ తప్పించడం.

అందుకే ఎవరికి అన్న ప్రశ్నకు నా జవాబు అందరికీ ఒకేలా ఉండదు. ఈ టీకా మన సార్వత్రిక టీకాల కార్యక్రమంలో లేదు. బయట వేయించుకోవాలి, డోసుకు వెయ్యి రూపాయల పైమాటే. ఇంట్లో అయిదుగురుండి అందరికీ వేయించే స్తోమత లేకపోతే ముందు గర్భిణికి, అయిదేళ్లలోపు పిల్లలకు, అరవై అయిదు దాటినవాళ్లకు, షుగర్, గుండె, కిడ్నీ, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లకు. గర్భిణికి ఏ నెలలోనైనా వేయొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఆరు నెలల లోపు బిడ్డకు ఫ్లూ టీకా వేయకూడదు కాబట్టి, తల్లికి వేసిన టీకాయే పుట్టాక బిడ్డను కూడా కొన్ని నెలలు కాస్తుంది. ఒక డోసుతో ఇద్దరికి రక్షణ. తొమ్మిదేళ్ల లోపు పిల్లలకు మొదటిసారి వేస్తున్నప్పుడు నాలుగు వారాల తేడాతో రెండు డోసులు కావాలి. చాలామంది రెండోది మర్చిపోతారు. మొదటిది శరీరానికి పరిచయం మాత్రమే, రక్షణ రెండోదాంతో వస్తుంది.

"టీకా వేయించుకున్న రాత్రే జ్వరం వచ్చింది, టీకాయే ఫ్లూ తెచ్చింది" అనేది ఇంకో మాట. సూదితో వేసే ఫ్లూ టీకాలో ఉండేది చంపేసిన వైరస్ ముక్కలు. అవి జబ్బు తేలేవు. చెయ్యి నొప్పి, ఒకట్రెండు రోజులు కాస్త వెచ్చబడడం శరీరం పని మొదలుపెట్టిందనడానికి గుర్తు. గియాన్ బారే అనే నరాల జబ్బు భయం కొందరికి ఉంటుంది. అది పూర్తిగా కల్పన కాదు. పది లక్షల డోసులకు అదనంగా ఒకటి, రెండు కేసులు రావచ్చని అంచనా. ఫ్లూ వచ్చాక అదే జబ్బు వచ్చే ముప్పు అంతకన్నా ఎక్కువ. గతంలో టీకా వేసిన ఆరు వారాల్లోపు ఆ జబ్బు వచ్చినవాళ్లు మాత్రం డాక్టరుకు ముందే చెప్పాలి.

శాకాహారుల ఇళ్లలో ఇంకో సందేహం వస్తుంది. నిజమే, ఇక్కడ దొరికే ఫ్లూ టీకాలు చాలావరకు కోడిగుడ్లలో పెంచిన వైరస్‌తో చేసినవే. శుద్ధి చేశాక గుడ్డు ప్రొటీన్ అతి సూక్ష్మంగా మిగులుతుంది. గుడ్డు అలర్జీ ఉన్నవాళ్లకు కూడా ఇప్పుడు ప్రత్యేక జాగ్రత్తలు అక్కర్లేదని అమెరికా వైద్యులు 2023లో నిబంధనలు సడలించారు. ఆచారం సంగతి మాత్రం ఎవరింటి నిర్ణయం వాళ్లది. దాచకుండా చెప్పడం వరకే నా పని.

జ్వరం వచ్చేసింది, ఇప్పుడేం చేయాలి?

ఫ్లూ జ్వరం సాధారణంగా మూడు నాలుగు రోజులుంటుంది. దగ్గు, నీరసం రెండు వారాలు లాగొచ్చు. ఈ మూడు నాలుగు రోజుల లెక్క మీదే మన ఊళ్లలో వైద్యానికి పేరొస్తుంది. మొదటి రోజు ఓర్చుకుంటాం, రెండో రోజు గోళీలు వేసుకుంటాం, మూడో రోజు ఆర్‌ఎంపీ దగ్గరికెళ్లి సూది, సెలైన్. నాలుగో రోజు జ్వరం తగ్గుతుంది. మూడో రోజు ఏం చేసినా నాలుగో రోజు తగ్గేది. కానీ పేరు సూదికి వెళ్లిపోతుంది. ఆయన చేతివాసి మంచిదన్న మాట ఊరంతా పాకుతుంది.

ఆ సెలైన్ సంగతి ఒకసారి లెక్కేద్దాం. అర లీటరు 5 శాతం గ్లూకోజ్ బాటిల్‌లో ఉండేది 25 గ్రాముల గ్లూకోజ్, సుమారు వంద కేలరీలు. అంత శక్తి రెండు ఇడ్లీల్లో ఉంటుంది. నోటితో తాగగలిగినవాళ్లకు ఓఆర్‌ఎస్, మజ్జిగ, జావ, కొబ్బరినీళ్లు సరిపోతాయి. వాంతులు ఆగనివాళ్లకు, స్పృహ తగ్గినవాళ్లకు సెలైన్ ప్రాణాధారం, కాదనను. "లంఖణం పరమౌషధం" అని పిల్లల్ని పస్తు పెట్టడం కూడా వద్దు. ఆకలి లేకపోతే బలవంతం చేయనక్కర్లేదు గానీ, మెత్తగా కలిపిన చారన్నం తింటానంటే పెట్టకపోవడానికి కారణం లేదు. మిరియాల చారు, అల్లం కషాయం గొంతుకు హాయి. వైరస్‌ను చంపవు, హాయి కూడా అవసరమే కదా. ఏడాది దాటిన పిల్లలకు పడుకునే ముందు చెంచా తేనె దగ్గుకు బాగానే పనిచేస్తుంది. ఏడాది లోపు మాత్రం తేనె నాకించకూడదు, బొటులిజం అనే ప్రమాదం ఉంది. ఆవిరి పట్టేటప్పుడు మరుగునీళ్ల గిన్నె ఒలికి పిల్లలు కాలడం అరుదేమీ కాదు. పిల్లలకు అది వదిలేయడమే మేలు.

జ్వరానికి పారాసెటమాల్ ఒక్కటే. ఈ మాట గట్టిగా చెప్పడానికి కారణం డెంగ్యూ. ఐబుప్రోఫెన్, మెఫెనమిక్ యాసిడ్, డైక్లోఫెనాక్ సూది ఇవన్నీ జ్వరాన్ని, నొప్పిని తొందరగా లాగేస్తాయి. కానీ ఆ జ్వరం డెంగ్యూ అయితే రక్తస్రావం ముప్పును పెంచుతాయి. మొదటి రెండు రోజుల్లో ఏది ఫ్లూ, ఏది డెంగ్యూ అని చూపుతో చెప్పలేం కాబట్టి వాటి జోలికి పోకపోవడమే తెలివి. నిమెసులైడ్‌ను పన్నెండేళ్ల లోపు పిల్లలకు వాడకూడదని మన దేశంలో 2011లోనే నిషేధించారు. డెంగ్యూలో ఇంకో మోసం కూడా ఉంది. జ్వరం తగ్గి, "హమ్మయ్య" అనుకున్న రోజే అసలు ప్రమాదం మొదలవ్వొచ్చు. జ్వరం దిగాక కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, చేతులు చల్లబడడం కనిపిస్తే ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి.

పారాసెటమాల్‌తోనూ ఒక జాగ్రత్త ఉంది. బావగారి షాపులో ఇది నేను కళ్లారా చూశాను. పిల్లల మందు మూడు బలాల్లో దొరుకుతుంది. ఒక రకం సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములు, ఇంకోదాంట్లో అదే 5 మిల్లీలీటర్లకు 250. చుక్కల మందులో అయితే ఒక్క మిల్లీలీటరుకే 100. పిల్లల బరువు కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు ఒక డోసు. పది కిలోల బిడ్డకు 100 నుంచి 150 చాలు. చుక్కల మందైతే ఒక మిల్లీలీటరు, మహా అయితే ఒకటిన్నర. సిరప్ అలవాటుతో చుక్కల మందును 5 మిల్లీలీటర్లు పోస్తే ఒక్కసారిగా 500 వెళ్తుంది. ఇంకా చిన్న బిడ్డకు చుక్కలు కాబట్టి తక్కువ బలం ఉంటుందని అందరూ అనుకుంటారు. ఉన్నది తలకిందులుగా. పెద్దవాళ్లకు 650 గోళీ ఆరు గంటలకొకటి, రోజుకు నాలుగు చాలు. జలుబు గోళీల్లో చాలావాటిలో పారాసెటమాల్ ముందే కలిసి ఉంటుంది, రెండూ వేసుకుంటే డోసు రెట్టింపవుతుంది. మూడు నెలల లోపు పసికందుకు జ్వరం వస్తే ఏ మందూ సొంతంగా వద్దు, నేరుగా డాక్టరు దగ్గరికే.

దగ్గు సిరప్‌ల గురించి 2025 తర్వాత ఎక్కువ చెప్పనక్కర్లేదు. మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో డైఇథిలిన్ గ్లైకాల్ అనే విష రసాయనం కలిసిన సిరప్ తాగి, కిడ్నీలు పాడై 20 మందికి పైగా పిల్లలు చనిపోయారు. కల్తీ లేని సిరప్ అయినా చిన్నపిల్లల దగ్గుకు చేసే మేలు చాలా తక్కువ. రెండేళ్ల లోపు పిల్లలకు జలుబు, దగ్గు మందులు ఇవ్వొద్దని కేంద్ర ఆరోగ్య శాఖే చెప్పింది.

ఇక ఆ "పెద్ద గోళీ". యాంటీబయాటిక్‌లు బ్యాక్టీరియాను చంపుతాయి. ఫ్లూ వైరస్‌కు అవి ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. 2023 మార్చిలో దగ్గు జ్వరాలు ముసిరినప్పుడు భారతీయ వైద్య సంఘమే వాటిని విచ్చలవిడిగా వాడొద్దని ప్రకటన ఇచ్చింది. ప్రజలు రెండు రోజులు వేసుకుని, కాస్త తగ్గగానే మానేస్తున్నారని కూడా అంది. అలవాటు ఎంత లోతుగా పాతుకుందో చూడండి, పసుపుపచ్చ కఫం పడితే యాంటీబయాటిక్ కావాలని డాక్టర్లలోనే కొందరు అంటారు. వైరల్ జలుబులో కూడా కఫం రంగు మారుతుంది. పొట్లంలో ఒక్కోసారి కలిసే తెల్లటి చిన్న గోళీ ఇంకా ప్రమాదం, అది స్టెరాయిడ్. పూటలోనే ఉత్సాహం తెస్తుంది, షుగర్‌ను ఎగదోస్తుంది, జబ్బును కప్పిపెడుతుంది.

రెండో రోజే రక్తపరీక్షల ప్యాకేజీ చేయించుకుని "టైఫాయిడ్ కూడా ఉందట" అని చెప్పేవాళ్లు ప్రతి వీధిలో ఉంటారు. ఆ ఫలితం సాధారణంగా వైడాల్ పరీక్షది. అది రక్తంలో యాంటీబాడీలను చూస్తుంది. టైఫాయిడ్ ఎక్కువగా తిరిగే మన ప్రాంతంలో పాత జబ్బు, పాత టీకా వల్ల ఆరోగ్యవంతులకు కూడా పాజిటివ్ రావొచ్చు. నిజంగా టైఫాయిడ్ ఉన్నా మొదటి వారంలో అవి తగినంత పెరిగి ఉండకపోవచ్చు. అంటే రెండో రోజు చేసిన వైడాల్ అవునన్నా నమ్మలేం, కాదన్నా నమ్మలేం. టైఫాయిడ్ అనుమానం ఉంటే యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే బ్లడ్ కల్చర్, అంటే రక్తంలోని బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్ష, చేయించాలి.

ఫ్లూకి అసలు మందు లేదా అంటే, ఉంది. ఒసెల్టమివిర్. టామీఫ్లూ పేరుతో ప్రసిద్ధం. దీనికీ మన వంటింటికీ చుట్టరికం ఉంది. దాని తయారీకి మూలమైన షికిమిక్ యాసిడ్‌ను అనాస పువ్వు నుంచి తీసేవారు, బిర్యానీలో వేస్తామే, అదే. 2005లో బర్డ్ ఫ్లూ భయంతో ఆ మందు కోసం దేశాలు ఎగబడితే అనాస పువ్వుకు ప్రపంచమంతా కరువొచ్చింది. ఆ ఏడాదే హైదరాబాద్‌కు చెందిన హెటెరో దాన్ని తయారు చేయడానికి రోష్ కంపెనీ నుంచి అనుమతి పొందింది. పువ్వును నేరుగా తింటే మాత్రం ఫ్లూ తగ్గదు. లేకపోతే హైదరాబాద్‌లో ఫ్లూయే ఉండకూడదు.

ఆరోగ్యవంతులకు ఆ మందు జబ్బు కాలాన్ని సుమారు ఒక రోజు తగ్గిస్తుంది, అదీ లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు వేసుకుంటే. కొందరికి వాంతులు కూడా తెస్తుంది. అందుకే కేంద్ర ఆరోగ్య శాఖ రోగుల్ని మూడు తరగతులు చేసింది. మామూలు జ్వరం, దగ్గు ఉన్న 'ఎ' తరగతికి పరీక్ష వద్దు, ఈ మందూ వద్దు, ఇంట్లో విశ్రాంతి. 'బి' తరగతిలో జ్వరం, గొంతునొప్పి తీవ్రంగా ఉంటే డాక్టరు చూసి నిర్ణయిస్తారు. గర్భిణులు, చిన్నపిల్లలు, వృద్ధులు, దీర్ఘరోగులైతే పరీక్ష కోసం ఆగకుండా మందు మొదలుపెడతారు. ఆయాసం, ఛాతీనొప్పి, మగత, కఫంలో రక్తం, గోళ్లు నీలంగా మారడం ఉంటే 'సి'. వెంటనే ఆసుపత్రి, పరీక్ష, మందు అన్నీ. ఇంట్లో గర్భిణి ఉంటే ఆ 48 గంటల మాట గుర్తుపెట్టుకోవాలి. నాలుగు రోజులు జ్వరం సెట్టుతో గడిపి అయిదో రోజు వెళ్తే డాక్టరు చేతిలో ఉన్న మంచి అవకాశం సగం పోయినట్టే.

జ్వరం తగ్గి, మళ్లీ రెండు మూడు రోజులకు దగ్గుతో తిరగబెడితే అది ఫ్లూ వెనకాలే వచ్చిన న్యుమోనియా కావచ్చు. యాంటీబయాటిక్ నిజంగా అవసరమయ్యేది అప్పుడు. ఆక్సిమీటర్ ఇంట్లో ఉంటే, కోవిడ్ కాలంలో కొన్నది ఏ డ్రాయర్లోనో ఉండే ఉంటుంది, బ్యాటరీ మార్చి చూడండి. రక్తంలో ఆక్సిజన్ 94 శాతం కంటే తక్కువ చూపిస్తే ఆగొద్దు, ఆసుపత్రికి వెళ్లాలి. పసిపిల్లలకైతే పరికరం కూడా అక్కర్లేదు. బిడ్డ ఏడవకుండా, పడుకుని ఉన్నప్పుడు చొక్కా పైకి తీసి, ఫోన్‌లో గడియారం పెట్టుకుని, పొట్ట ఎన్నిసార్లు లేస్తోందో నిమిషం నిండా లెక్కపెట్టాలి. పావు నిమిషం లెక్కేసి నాలుగుతో గుణిస్తే తప్పొస్తుంది. రెండు నెలల లోపు బిడ్డకు 60, ఏడాది లోపు బిడ్డకు 50, అయిదేళ్ల లోపు బిడ్డకు 40. ఆ అంకె చేరినా, దాటినా, శ్వాస తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి లాక్కుపోతున్నా, మెడికల్ షాపు కాదు, ఆసుపత్రికి బండి తీయండి.